నాలుగో వరస

ఏళ్ల తరబడి ఒక తప్పు నాలో ఉండిపోయింది. హాయిగానే బతుకుతున్నాను. బెంజ్ సర్కిల్ దగ్గర చిన్న గది, కాలిక్యులేటరు, వేళకి కాఫీ. అయినా అది కదలదు. మీకు చెప్పేస్తాను.

లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. కాలేజీ మెట్లెక్కలేదు. పరిశోధన చేసేవాళ్లు అంకెలు తెచ్చిస్తే లెక్కగట్టి ఇస్తాను. తొంభైల చివర్లో ఒక ఫార్మసీ లెక్చరరు వచ్చారు. ఆవిడ పాపని చల్లపల్లిలో తన తల్లి దగ్గర వదిలి, పీహెచ్‌డీ కోసం సెలవుల్లో హైదరాబాదు ల్యాబులో పనిచేసేవారు. జలుబు బిళ్ల వేసుకుంటే నోరెండిపోతుంది కదా? ఎలర్జీని ఆపే ఆ మందు, లాలాజలం ఊరించే మస్కరినిక్ గ్రాహకాలు, అంటే రిసెప్టర్ల మీద కూడా వెళ్లి కూర్చుంటుంది. అవి ఐదు రకాలు. దేన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో కొలవడం ఆవిడ పని. ఆ కొలతని ఒక్కో రకానికి ఒక్కో భాజకంతో భాగించడం నా పని.

భాజకాల పట్టిక మీద అట్టముక్క పెట్టుకుని, లెక్క లెక్కకీ ఒక వరస కిందికి దించుతాను. నాలుగో లెక్కకి దించలేదు. మూడో వరస భాజకమే పడింది. సరిచూశాను కూడా. కానీ చూసింది భాగహారాన్నే.

“మాస్టారూ, మిగతావన్నీ దగ్గర దగ్గరగా వచ్చి, నాలుగోదొక్కటే ఇలా వచ్చిందేంటండీ?”

“నా లెక్క తప్పదమ్మా. ప్రయోగంలో చెయ్యి వణికిందేమో చూసుకోండి.”

“మా పాపా అంతేనండీ. నేను జడేస్తే వంకరంటుంది” అని నవ్వారు.

పాప దగ్గర గడపాల్సిన వేసవంతా మళ్లీ ల్యాబులోనే గడిపారు. కొత్త కొలతలు పాతవాటి పక్కన పెట్టగానే నాకు తెలిసిపోయింది. రెండూ దాదాపు ఒకటే, తప్పింది నా వరసే. అప్పుడైనా చెప్పానా? సరైన భాజకం వేసి, “ఈసారి చెయ్యి కుదిరిందమ్మా” అన్నాను. ఎందుకన్నాను? భయం కాదు. ఈయన లెక్క తప్పదు అన్న మాటే నాకున్న ఒకే ఒక్క డిగ్రీ, దాన్ని నిలబెట్టుకోవడానికి ఒక పసిపిల్ల వేసవిని తీసేసుకున్నాను.

ఆవిడకి పట్టా వచ్చింది. తప్పు అంకె ఎక్కడా అచ్చుకాలేదు. అదొక తృప్తి. కానీ మొన్న ఆవిడ శిష్యురాలు వచ్చి, “మా మేడం ఏదైనా రెండుసార్లు చేయిస్తారండీ. తన చేతినే నమ్మరట” అంది.

క్షమించమని అడగను. ఇది ఆవిడ చదువుతారో లేదో తెలీదు. రాశాక కాఫీ రుచిగా అనిపించింది, అంతే.

మేడం, మీ చెయ్యి మొదటిసారే సరిగ్గా ఉంది. జడ సంగతి మాత్రం నాకు తెలీదు.