గరిసె చేరని వడ్లు

శుక్రవారం జుమ్మా నమాజు అయినంక అజ్మాన్ నుంచి డ్రైవర్ వచ్చిండు. నేను దుబాయిల సోనాపూర్ లేబర్ క్యాంపుల నల్లా కాడ బట్టలు పిండుతున్న. ఆయన పఠాన్. ఎప్పుడొచ్చినా గేటు కాడి నుంచే "చాచా!" అని కేకేసేటోడు. ఆ రోజు కేకెయ్యకుండ నా దగ్గరిదాక నడిచొచ్చిండు.

"చాచా, ఆమె పోయింది," అన్నడు. "తొమ్మిది దినాలైంది."

ఎవరని నేను అడుగలేదు. మా ఇద్దరికీ ఆమె అంటే ఒక్కతే. అజ్మాన్‌ల మేము ముగ్గురం పని చేసిన ఇంటి వంటామె. పచ్చకామెర్లు అయినయట. దవాఖానల పన్నెండు దినాలు ఉన్నదట. అజ్మాన్‌లనే మట్టి చేసిన్రట. నా చేతుల అంగీ నీళ్లు కారుకుంటనే ఉన్నది. దాన్ని తీగె మీద ఆరేసిన. ఇంకేం చెయ్యాలె?

నేను ఊరి బడిల అయిదు దాక చదివినోన్ని. మాట్లాడుడే తక్కువ, రాసుడు ఇంక తక్కువ. ఆమె వాళ్లెవరికీ తెలుగు రాదు. ఇది వాళ్లకు చేరది. అయినా ఒక మనిషి ఆరేండ్లు ఈ దేశంల వండి పెట్టి పోయిందని ఎక్కడనో ఒక కాడ రాసి ఉండాలె గదా. అందుకు రాస్తున్న. చదివేటోళ్లు తప్పులుంటే ఏమనుకోవద్దు.

2002ల నేను ఆ ఇంట్ల తోటపనికి వచ్చిన. అప్పటికే యాభై దాటినయి. ఆమె అదే చలికాలంల వచ్చింది. ముప్పై లోపు మనిషి, పొట్టిగ, గట్టిగ ఉండేది. నన్ను 'పాక్' అని పిలిచేది. వాళ్ల భాషల పెద్దమనిషిని అట్ల అంటరట. నేను 'బిడ్డా' అనేది. మా ఇద్దరి మాట కొంత అరబ్బీ, కొంత హిందీ, మిగిలింది చేతులు. నేను నడుమల తెలుగు అతికిస్తే కూడ ఆమెకు అర్థమయ్యేది.

మొదటిసారి మాట కలిసింది పుదీన మడి కాడ. ఆమె కూర్చొని వేళ్ల నడుమ చిన్న బ్లేడు ముక్క దాసుకొని ఒక్కొక్క కాడనే కోస్తున్నది. నేను కొడవలి తెచ్చి ఇచ్చిన. వద్దని నెట్టేసింది.

"ఇట్ల కోస్తే రంజాన్ దాటిపోతది బిడ్డా," అన్న.

"పాక్, నీ కొడవలిని చూస్తే ఆకు భయపడతది."

తర్వాత చెప్పింది. వాళ్ల ఊర్ల వరి గూడ ఇట్లనే కోస్తరట. అరచేతిల దాగే చిన్న కత్తి. వెన్నుకు కనపడకుండ పట్టుకొని ఒక్కొక్క వెన్నునే తెంపుతరట. భయపడ్డ వరి మళ్ల ఆ పొలానికి రాదట. నేను పుట్టుకతోని వరి పండించినోన్ని. నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఆమె తప్పు పట్టలేదు. "మీ ఊర్ల వరి ధైర్యం గలది కావచ్చు," అన్నది.

ఆమెది ఇండోనేషియా. జావా అనే దీవి నడుమల కొండల మీద ఊరు. పేరు చెప్పింది, పలికి చూపిచ్చింది. నా నోటికి తిరుగలేదు. ముప్పై ఇండ్లు ఉంటయట. రోడ్డు కొండ కిందనే ఆగిపోతదట, అక్కడి నుంచి ఒక పూట నడక. ఇండ్ల మీద నల్ల పీచు కప్పు. పొద్దు పైకొచ్చేదాక మంచు. కొండను మెట్లు మెట్లుగ చెక్కి వరి ఏస్తరు. ఇండ్లకు కొంచెం ఎడంగ, కాళ్ల మీద నిలబడ్డ చిన్న చిన్న కట్టె గదులు. అవి వాళ్ల గరిసెలు. వడ్లు వెన్నుల తోటే కట్టలు కట్టి అందుల పెడతరు.

"గరిసెకు తాళం ఉండది, పాక్."

"దొంగలు రారా?"

"వచ్చి ఏం జేస్తరు? మా వడ్లు అమ్మొద్దు. అది ఊరి కట్టుబాటు. తాతల నుంచి ఎవ్వరూ ఒక్క గింజ అమ్మలేదు."

"అమ్మకుంటె ఉప్పు ఎట్ల కొంటరు? గుడ్డ ఎట్ల కొంటరు?"

ఆమె గిన్నె తోముకుంటనే నవ్వింది. "అందుకే నేను ఈడ ఉన్న గదా. బియ్యం అమ్మం. మనుషులం పోతం."

ఆ మాట ఇప్పటికీ నాకు అప్పుడప్పుడు చెవుల వినపడతది. మేము ఊరు విడిచింది ఎందుకో నన్ను ఎవరన్న అడిగితే ఇంత సక్కగ చెప్పరాకపోవు.

నేను గొడ్డు కూర తిననని ఎవరూ ఆమెకు చెప్పలేదు. చూసి తెలుసుకున్నది. నా కోసం ఒక చిన్న గిన్నె వేరే పెట్టి, పిడికి ఎర్ర దారం కట్టింది. నాలుగేండ్లు ఆ గిన్నెల ఇంకోటి వండలేదు. జ్వరమొస్తే అల్లం వేసి గంజి కాచి తోట గది తలుపు ముందర పెట్టి పోయేది. తలుపు కొట్టేది కాదు.

వంటింటి తలుపు ఎనుక మొలకు ఒక గుడ్డ మూట వేలాడేది. మొదట్ల నేను మిరపకాయలేమో అనుకున్న. ఒకనాడు దించి చూపిచ్చింది. పిడికెడు వరి వెన్నులు. ఊరు విడిచి దూరం పోయేటోళ్లకు అమ్మ గరిసెల నుంచి తీసి కట్టిస్తదట. తినొద్దు, అమ్మొద్దు, పారెయ్యొద్దు. తిరిగొచ్చిన నాడు మళ్ల అదే గరిసెల పెట్టాలె. వడ్లకు తమ గరిసె యాదికుంటదట. మనిషిని ఎంబడి గుంజుకొస్తయట.

"రెండేండ్లు," అన్నది. రెండు వేళ్లు చూపెట్టింది.

రెండేండ్లు నిండినయి. ఆ ఇంటోళ్లు చెడ్డోళ్లు కాదు. ముందు చెప్పాలె ఈ మాట. కాని అప్పుడే మేడంకు కాన్పు దగ్గరికొచ్చింది. ఆ తర్వాత ఇంటి ముసలామెకు పక్షవాతం వచ్చింది. ముసలామె ఆమె చేతి ముద్ద తప్ప ఎవ్వరిది ముట్టకపోయేది. "వచ్చే ఏడు," అన్నడు కఫీల్, మా వీసాలు తీసిన ఆ ఇంటాయన. పాస్‌పోర్టు ఆయన బీరువల ఉండె. వచ్చే ఏడు గూడ అదే మాట.

ఆ నడుమనే ఒకసారి టీవీల వాళ్ల దేశంల సముద్రం ఊర్ల మీదికి వచ్చిందని చూపెట్టిన్రు. నేను తోటల పైపు వదిలేసి వంటింటికి ఉరికిన. ఆమె టీవీ ముందల ఏడుస్తున్నది. "మీ ఊరు?" అంటే తల అడ్డం ఊపింది. వాళ్ల కొండకు సముద్రం రాదట. వాళ్లమ్మ పుట్టి బుద్ధెరిగి సముద్రమే చూడలేదట. నేను గూడ అజ్మాన్ వచ్చినంకనే చూసిన. ఆమె ఏడ్చింది ముఖం తెలువనోళ్ల కోసం.

శుక్రవారం శుక్రవారం కార్డు కొనుక్కొని ఫోను చేసేది. ఊర్ల సిగ్నల్ ఉండదు. వాళ్లమ్మ ఆ వారం ఎవరిదన్న ఫోను అడుక్కొని, పక్క కొండ ఎక్కి నిలబడేదట. మాట తెగితే మళ్ల కలిసేదాక ఇక్కడ ఈమె, అక్కడ ఆమె నిలబడే ఉండేటోళ్లు.

2005ల ఎండకాలం ఆమె మూట దించి విప్పింది. వెన్నులకు పురుగు పట్టింది. నేను చూసి, ఉండబట్టక, ఒక మాట అన్న. "మూడో ఏడు దాటితే విత్తనం చచ్చిపోతది, బిడ్డా."

ఆమె ముఖం నల్లబడ్డది. "చచ్చిపోతదా? అయితే ఏం పెట్టాలె గరిసెల?"

అనకపోతే అయిపోవు. అన్న తర్వాత ఊకుండుడు గాదని, "ఇటియ్యి, ఇక్కడనే పండిస్త. కొత్త వెన్నులు పట్టుకపో," అన్న. ఆమె గింజలు రాల్చి నా చేతుల పోసింది. "అంతేనా?" అన్న. "అంతే," అన్నది. స్టీలు గ్లాసుల నీళ్లు పోసి గింజలు ఏసిన. తాలు అయితే తేలుతది, గట్టి గింజ మునుగుతది. చానా మునిగినయి. ఆమె గ్లాసు అడుగు కెల్లి చూసుకుంట సంబురపడ్డది.

మా దిక్కు మిర్గం కార్తె రాంగనే నార్లు పోస్తరు. చేతికి అదే అలవాటు. ఇక్కడ అదే దినాలల్ల నేల నిప్పు లెక్క కాలుతదని నాకు తెలువదా? తెలుసు. మూడేండ్ల నుంచి ఆ ఎండల్నే పని చేస్తున్న. అయినా చలికాలం దాక ఆగాలని తోచలేదు. మిర్గం వచ్చింది, విత్తనం చేతుల ఉన్నది. తడి గోనెల మూటగట్టి మొలక తెప్పించిన. పాత ప్లాస్టిక్ టబ్బుల ఎరువు మట్టి పోసి, వంటింటి ఎనుక ఏసీ నీళ్లు కారే కాడ పెట్టిన. మొలకెత్తిన గింజ ఒక్కటి మిగుల్చకుండ పోసిన. విత్తనం ఉన్నదంత ఒక్కసారి పొయ్యొద్దు, సగం దాసుకోవాలె అని మా నాయిన ప్రతి కారుకు చెప్పేటోడు. అది గూడ మరిచిన.

డ్రైవర్ కారు కడుక్కుంట చూసి, "అరె చాచా, అజ్మాన్‌ల వరి ఏసినవా? అయితే వచ్చే ఏడు మీ ఊర్ల ఒంటెలు నాటుతవా?" అని నవ్విండు. రెండు దినాలకు ఆయనే బకెట్టుతోని ఏసీ నీళ్లు పట్టి పోసుడు మొదలుపెట్టిండు. ముసలామెను చక్రాల కుర్చీల తెచ్చి టబ్బు కాడ కూర్చోబెట్టేది ఆమె. ముసలామె మాట పడిపోయి ఉండె, పచ్చటి వరి పోసల మీద మాత్రం చెయ్యి ఆడించేది.

మోకాలెత్తు పెరిగింది. పొట్టకొచ్చింది. ఈనింది. వెన్ను బయటపడ్డ నాడు ఆమె పొయ్యి మీద కూర వదిలేసి వచ్చి నిలబడ్డది. అప్పుడే వేడి గాలి లేచి వారం దినాలు కొట్టింది. పాలు పోసుకోలేదు. గింజ నొక్కితే లోపల గాలి. మొత్తం తాలు.

నేను తల ఎత్తలేదు. "నాదే తప్పు బిడ్డా. విత్తనమంత ఒడగొట్టిన. ఖలాస్."

ఆమె బ్లేడు ముక్క తెచ్చుకొని ఒక్కొక్క వెన్ను తెంపింది, గింజ ఉన్నట్టే, భయపడతయన్నట్టే. గిన్నెకు కట్టిన అసొంటి ఎర్ర దారంతోనే కట్ట కట్టింది.

"ఖలాస్ కాలే, పాక్," అన్నది.

నా మనసు నొవ్వొద్దని అంటున్నదనుకున్న.

మరుసటేడు కఫీల్ తోట తీసేసి రాళ్లు పరిపించిండు. నన్ను తన దోస్తు కంపెనీకి మార్చిండు. అప్పటి నుంచి సోనాపూర్. రోడ్ల పక్కన పూల మొక్కలకు నీళ్లు పెడుత. పండుగలకు బస్సెక్కి అజ్మాన్ పోయి ఎనుక గేటు కాడ ఆమెను చూసి వచ్చేది. ముసలామె పోయింది. పోయినసారి కలిసినప్పుడు ఆమె ముఖం తేటగ ఉన్నది. కఫీల్ టికెటుకు ఒప్పుకున్నడట.

"ఈసారి పోత, పాక్. వడ్లు గూడ నాతోటి వస్తయి."

నాకు ఆ తాలు కట్ట యాదికొచ్చి నేల చూసిన. పైలంగ పో బిడ్డా అని గూడ సరిగ్గ అనలేదు. కండ్లు పచ్చబడ్డయా లేదా అని చూసేటంత సేపు ఆమె ముఖం చూడలేదు.

మిగిలింది డ్రైవర్ చెప్పిన మాట. ఆమె పోయిన సంగతి వాళ్లమ్మకు చెప్పాలంటే ఆ ఇంట్ల ఎవ్వరికీ వాళ్ల భాష రాదు. పక్కింట్ల పని చేసే వాళ్ల దేశపామెను బతిమాలి, శుక్రవారం దాక ఆగి ఫోను చేసిన్రట. అమ్మ కొండ ఎక్కి ఉన్నది. ఎత్తంగనే బిడ్డ పేరు పిలిచిందట. పక్కింటామె చెప్పి ఫోను చేతికిచ్చి ఎనుకకు తిరిగిందట. లైను చానసేపు తెగలేదట.

సూట్‌కేసు పంపిచ్చిన్రు. తలుపు ఎనుక మూట మాత్రం ఎవరికీ యాదికి రాలేదు. తర్వాత మేడం చూసి, గుడ్డల గింజలు కట్టి ఉన్నయని, జాదూ, చేతబడి అసొంటిది చేసిందేమోనని భయపడ్డదట. "బయట పారేసి రా," అని డ్రైవర్‌కు ఇచ్చిందట. ఆయన పారెయ్యలేదు. నా మంచం మీద పెట్టిండు.

"నువ్వే చూసుకో, చాచా. నాకు దీని సంగతి తెలువది."

"ఊరికి పంపరాదా?"

"సూట్‌కేసే కింద టౌన్ ఆఫీసు దాక పోతది. ఇగ దీన్ని ఎవరు కొండ ఎక్కిస్తరు?"

ఆయన పోయినంక విప్పిన. ఎర్ర దారం కట్ట ఉన్నది, నా తాలు. దాని కింద ఇంకో గుడ్డ. అందుల నల్ల పీచుతోని కట్టిన వెన్నులు, గింజలతోని. వాళ్లమ్మ కట్టిన ముడి. సగం. ఆమె ఆనాడు నాకు సగమే ఇచ్చింది. అంతే అన్నది గాని, దాసుకున్నది.

నన్ను నమ్మక కాదు. ఏ రైతు బిడ్డ అయినా అదే చేస్తది. మా నాయిన చెప్పిన మాట ఆ కొండల మీద గూడ ఎవరో తల్లి చెప్పి ఉంటది. నేను మరిచిన, ఆమె మరువలేదు. మూడేండ్లు నేను మోసిన బరువు ఆనాడే 'ఖలాస్ కాలే' అని ఒక్క మాటతోని దించింది. నేనే వినలేదు.

స్టీలు గ్లాసుల నీళ్లు తెచ్చి కొన్ని గింజలు రాల్చి ఏసిన. పురుగు లోపలంత తిన్నది, పొట్టుకు సూది మొన అంత తొర్ర. అన్నీ తేలినయి. నానితే మునుగుతయేమోనని కిటికీల పెట్టిన. తెల్లారి బస్సు వచ్చింది. "యల్లా, యల్లా" అని ఫోర్మన్ కేకేసిండు. చూసుకుంటనే పోయిన.

పారబొయ్యలేదు. పారెయ్యొద్దన్నది గదా. పొద్దుగూకి డ్యూటీ దిగి వచ్చేసరికి నీళ్లు కొంచెం తగ్గినయి. గింజలు పైననే ఉన్నయి. ఏసీ గాలికి ఒకదాని ఎంబడి ఒకటి, గ్లాసు అంచు పట్టుకొని మెల్లగ తిరుగుతున్నయి.