అంచుకు తూట్లు పడని రేకులు

నగరిలో రామలింగయ్య వేళ్లకు తగలని గుడ్డ లేదు. బస్సులో పక్కన కూర్చున్నవాడి చొక్కా కొసను కూడా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒకసారి నలిపి చూస్తే గానీ ఆయనకు ప్రయాణం సాగదు. పెళ్లిచూపుల నాడు పిల్ల ముఖం కంటే ముందు ఆమె కట్టుకున్న చీర అంచు చూశాడని, అది నగరి నేతేనని తేల్చుకున్నాకనే తలెత్తాడని భార్య చంద్రకాంతమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. ఆయన కాదనడు. "అంచు బాగుంటే చీర బాగున్నట్టే గదా" అంటాడు. అది పొగడ్తో కాదో ఆమెకు ముప్పై రెండేళ్లుగా తేలలేదు.

ఇంటి వెనక షెడ్డులో వాళ్లకు నాలుగు మరమగ్గాలు ఉండేవి. పోయినేడు గాలివానకు సిమెంటు రేకులు పగిలి, మగ్గాల మీదున్న పడుగులన్నీ తడిసి ముద్దయ్యాయి. ఇనుమంతా తుప్పు పట్టింది. దాన్ని గీకి, నూనె పెట్టి, మళ్లీ ఆడించేసరికి సంక్రాంతి దాటింది. ఇంకొక్కసారి వాన లోపలికి వస్తే మగ్గాలను పాత ఇనుము కింద తూకానికి వేయాల్సిందే, దాంతోపాటు ఇద్దరి తిండీ పోతుంది. అందుకని ఒక మగ్గం అమ్మి, మిగతా మూడింటికీ ఇనుప రేకుల కప్పు వేయించాలని మొగుడూ పెళ్లాలు అనుకున్నారు. మూడింటిని కాపాడుకోవడానికి నాలుగోదాన్ని అమ్ముకోవడం ఏం తెలివని వీధిలో కొందరు నవ్వారు. నవ్వినవాళ్లలో ఇద్దరి ఇళ్ల మీద ఇంకా టార్పాలినే ఉంది.

రేకులు ఎంచడానికి ఆయన రెండు నెలలు తిరిగాడు. నగరి అయింది, పుత్తూరు అయింది, చివరికి రేణిగుంట దాకా పోయాడు. అంగళ్లవాళ్లు మందం గురించి చెప్పేవాళ్లు, పూత గురించి చెప్పేవాళ్లు, గ్యారంటీ కాగితం చూపించేవాళ్లు. ఈయన అంతా విని, రేకును ఎండకు ఎత్తిపట్టి చూసేవాడు. ఎక్కడైనా సూదిమొనంత వెలుతురు దూరుతుందేమోనని వెతికేవాడు. తర్వాత కొసను రెండు వేళ్లతో నలిపేవాడు.

"పెద్దాయనా, అది పంచె గాదు, ఇనుము" అన్నాడు రేణిగుంట అంగడాయన.

"పంచెయితే నీ అంగడికి ఎందుకొస్తానప్పా" అన్నాడు రామలింగయ్య.

చివరికి అన్నిటికంటే మందమైన రకం తీసుకున్నాడు. గీత పడినవి నాలుగు తీసి పక్కన పెట్టించి, వాటి బదులు వేరేవి ఏరుకున్నాడు. చంద్రకాంతమ్మ నీలం రంగు అడిగితే ఇటుక రంగు తెచ్చాడు. న్యాయంగా చెప్పాలంటే ఎంపికలో ఏ తప్పూ లేదు. తుఫాన్లు వచ్చిపోయే చోట వేయించుకోవలసిన రేకులు అవే. తప్పు చేయడానికి ఆయనకు ఇంకా ఒక రోజు మిగిలి ఉంది.

ఆ రోజు పుత్తూరు నుంచి మురుగేష్ వచ్చాడు. రేకులు బిగించడంలో చేయి తిరిగినవాడు. ఇనుప పైపుల చట్రం మీద మొదటి రేకు పరిచి, చూరు దగ్గర డ్రిల్లుతో ఒక తూటు వేశాడు. కింద నుంచి రామలింగయ్య కేకేశాడు.

"ఏందప్పా అది?"

"స్క్రూ అన్నా. కింద రబ్బరు వాచరు ఉంటాది. నీళ్లు దిగవు."

"ఇట్లాంటివి ఎన్ని ఏస్తావు?"

"మొత్తం మీద ఆరునూర్లు పడతాయి. చూరు పొడుగునా దగ్గర దగ్గరగా ఎయ్యల్ల."

రామలింగయ్య అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. చీరలో వేలు దూరేంత చిల్లు పడితే షావుకారు దాన్ని పక్కకు విసిరేస్తాడు. అంచులో పడితే ఇక ఆ చీర ముఖమే చూడడు. నలభై ఏళ్లుగా చిల్లు లేకుండా నేయడమే ఆ చేతులకు తెలిసిన మర్యాద. అట్లాంటివాడు రెండు నెలలు వెతికి తెచ్చిన సరుకుకు ఇంకొకడు ఇంటికొచ్చి ఆరునూర్ల తూట్లు వేస్తానంటున్నాడు, అవీ అంచులో.

"నడమ కావాలంటే నాలుగు ఏసుకో. అంచు జోలికి మాత్రం పోవద్దు" అన్నాడు.

"అన్నా, గాలి పట్టేదే అంచుని. ఆడ పట్టు లేకపోతే ఎంత మందముండీ ఏం లాభం?"

"అంచు సంగతి నాకు చెప్తావా నువ్వు?"

చంద్రకాంతమ్మ కూడా వచ్చింది. "పని తెలిసినోడు చెప్తా ఉండాడు, ఏయనియ్యయ్యా" అంది. ఆయన ఆమె వైపు చూడనైనా చూడలేదు. ఇల్లుగలవాడి మాట కాదని బిగించి, రేపు వాన కారితే మాట పడేది తానేనని మురుగేష్ ఊరుకున్నాడు. ఆ కప్పు రెండు నూర్ల స్క్రూలతో పూర్తయింది. మొదట వేసిన ఆ ఒక్కటి తప్ప చూరు పొడుగునా తూటు లేదు. రామలింగయ్య వీధివాళ్లను పిలిచి మరీ చూపించాడు.

కార్తీకంలో తుఫాను తీరం దాటింది. పొద్దున పదింటికి చూరు దగ్గర రేకు దడదడ కొట్టుకోవడం మొదలుపెట్టింది. మగ్గాలకు ప్లాస్టిక్ పట్టలు కడుతున్న రామలింగయ్య స్టూలెక్కి, కొట్టుకుంటున్న అంచును పట్టుకున్నాడు. ఇనుప రేకును, తుఫానులో, అలవాటు చొప్పున రెండు వేళ్లతో. చంద్రకాంతమ్మ ఆయన నడుము పట్టి కిందికి లాగింది. "సెయ్యి తెగిపోతాది, వదులు" అని అరిచింది. ఆయన వదిలాడు. రేకు లేచిపోయింది, దాని వెనకే పక్కది. పావుగంటలో పదకొండు రేకులు పక్కవాళ్ల చెరుకు తోటలో పడ్డాయి. వాన మగ్గాల మీద నిలువునా కురిసింది. రామలింగయ్య తడిసిన పడుగు మీద చేయి పెట్టి గట్టిగా ఏడ్చాడు. చంద్రకాంతమ్మకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో అంత జాలీ కలిగింది.

మూడో రోజు నష్టం రాసుకోవడానికి రెవెన్యూ ఆయన వచ్చాడు. తోటలోంచి తెచ్చి పేర్చిన రేకులు చూశాడు.

"ఇవి పాడైపోయినాయి గదా పెద్దాయనా?"

"అవునను" అన్నట్టు చంద్రకాంతమ్మ మోచేత్తో పొడిచింది. రామలింగయ్య పైరేకును ఎత్తిపట్టాడు.

"ఒక్క గీత లేదు సార్, ఒక్క తూటు పెద్దది కాలేదు. నేను ఏరి తెచ్చిన సరుకు."

వచ్చినాయన మంచివాడే. ఇంకోసారి అడిగాడు. ఈయన ఇంకోసారి పొగిడాడు. కాగితంలో రేకులకు నష్టం లేదని పడింది.

మర్నాడు మురుగేష్ మళ్లీ వచ్చాడు. రామలింగయ్య సుద్దముక్క తీసుకుని, తానే నిచ్చెనెక్కి చూరు పొడుగునా జానెడుకొక గుర్తు పెట్టాడు.

"నలభై ఏండ్లు అంచు చెడకుండా నేసినా. ఇంటికి అంచులోనే తూట్లు పడల్లని నాకెవురూ చెప్పలేదే" అన్నాడు దిగుతూ.

"నేను చెప్తిని గదన్నా" అన్నాడు మురుగేష్.

"నేనూ చెప్తిని" అంది నిచ్చెన పట్టుకున్న చంద్రకాంతమ్మ.

రామలింగయ్య చేతికంటిన సుద్ద దులుపుకున్నాడు. "ఇద్దరే గదా చెప్పింది" అన్నాడు.

డ్రిల్లు మోగడం మొదలుపెట్టగానే వీధిలోకి పోయి కూర్చున్నాడు. సాయంత్రానికి కప్పు గట్టిగా నిలబడింది. ఈ ఖర్చుకు ఇంకొకటి అమ్మగా, దాని కింద ఆడే మగ్గాలు ఇప్పుడు రెండు.