మావి అడిగే జయంతి ఆంటీ

అమెరికాలో మా ఊరు క్యారీలో ఏ తెలుగమ్మాయి నెల తప్పినా, భర్తకన్నా ముందు సంతోషించేది జయంతి ఆంటీ. బిడ్డ కోసం కాదు, మావి కోసం. కాన్పయ్యాక అందరూ పారేసే ఆ మావి మీద ఆవిడ పద్దెనిమిదేళ్లుగా ల్యాబ్‌లో పరిశోధన చేస్తోంది.

ఒకసారి ఇండియన్ స్టోర్‌లో దోసెపిండి దగ్గర నిలబడ్డ అమ్మాయిని "ఎన్నో నెల?" అని అడిగింది. ఆ అమ్మాయికి పెళ్లే కాలేదు. "పర్లేదులే, టైమ్ వచ్చినప్పుడు కాల్ చెయ్యి" అని కార్డు చేతిలో పెట్టింది. మర్యాద అంటే అదీ.

సీమంతాలకి అందరూ గాజులు, చీరలు తెస్తారు. ఆవిడ మూడు పేజీల అంగీకారపత్రం తెస్తుంది. నా సీమంతంలోనూ అక్షింతలు వేసిన చేత్తోనే కాగితం చాపింది.

"మైత్రీ, ఇక్కడ సైన్ చెయ్యమ్మా. పాప నీకు, మావి నాకు. ఫెయిర్ డీల్!"

"ఆంటీ, ఫొటోలు తీస్తున్నారు..."

"తియ్యనీ. కన్సెంట్‌కి ప్రూఫ్ ఉంటుంది."

నా కాన్పుకి సాయంగా ఒంగోలు నుంచి వచ్చిన మా అత్తగారు కోటమ్మ బుగ్గన వేలేసుకున్నారు. "ఆ మావితో మీకేం పనమ్మా?"

ఆ ప్రశ్న అడగకూడదని క్యారీ అంతటికీ తెలుసు. పాపం, అత్తగారు కొత్త.

"బిడ్డలో సగం మీ అబ్బాయిదే కదా కోటమ్మగారూ! మైత్రి ఒంటికి ఆ సగం పరాయిది. తరిమెయ్యకుండా మావిలో సైటోకైన్స్ అని బుల్లి మాలిక్యూల్స్ ఉంటాయి. అటూ ఇటూ కబుర్లు మోసి సర్దిచెబుతాయి."

పూర్ణాలు చల్లారిపోయాయి. ఆంటీ మాత్రం మూడో సైటోకైన్ దగ్గరే ఉంది.

నాకు ముప్పై మూడో వారంలోనే నొప్పులొచ్చాయి. నైనిక నాలుగు పౌండ్లతో పుట్టి, హాస్పిటల్‌లో గాజుపెట్టెలో ఉండిపోయింది. ఇంట్లో అత్తగారి కోర్టు మొదలైంది.

"నిండు గర్భిణివి కారు తోలుకుంటా ఆఫీసుకి తిరిగితే ఇంకేమవుద్ది? మెట్లెక్కొద్దే అంటే ఇన్నావా?"

మొదట్లో పట్టించుకోలేదు. తర్వాత నిజమేనేమోనని నమ్మాను. పాప ఒంటికి అంటించిన ప్రతి వైరూ నేనే అంటించినట్టుండేది.

ఒక ఆదివారం జయంతి ఆంటీ వచ్చింది. పాప ఎలా ఉందని అడగడానికేమో అనుకునేరు! మావి పరీక్ష రిపోర్ట్ తెరవమంది. హాస్పిటల్ వాళ్లు పంపి వారమైనా నేను భయంతో తెరవలేదు. ఆవిడ చదివి, అత్తగారిని సోఫాలో కూర్చోబెట్టింది.

"మావికి ఇన్ఫెక్షన్ వచ్చిందని క్లియర్‌గా రాశారు. అప్పుడు ఆ సైటోకైన్సే అలారం కొడతాయి. కాన్పు ముందే స్టార్ట్ అయిపోతుంది. కారు వల్ల కాదు, మెట్ల వల్లా కాదు."

"మరి ఇది చేసిన తప్పేం లేదంటారా?"

"లేదండీ. నెలలు నిండని కాన్పుల్లో నేను చూసిన మావులు చాలావరకు ఇలాంటివే. అలాంటి ప్రతి ఇంట్లోనూ ఒక తల్లి 'నావల్లే' అని ఏడుస్తూనే ఉంటుంది. ల్యాబ్ పని ఐదు రోజులు, ఇలా ఇంటింటికీ వెళ్లి చెప్పిరావడం నా వీకెండ్ పని."

ఇన్నేళ్లూ ఆవిడ ఆదివారాలు ఎక్కడికి వెళ్తుందో మాకెవరికీ తెలీదు. కొత్త సీమంతాలు వెతుక్కుంటోందని జోకులేసుకున్నాం. నాకు సిగ్గేసింది.

ఆ సాయంత్రం అత్తగారు ఒంగోలులోని చెల్లెలికి వీడియో కాల్ చేశారు.

"అదేం మాటే? మా కోడలు కారు తోలితే ఏమవుద్దే? సైటోకైన్ల గురించి నీకేం తెలుసు? కూకో, మొదట్నించీ చెప్తా!"

తలుపు పక్కన నిలబడి గంటన్నర విన్నాను. ఒక్క మాట కూడా విసుగనిపించలేదు.