బొగ్గు గని కుర్రాడి చివరి మాట

నాన్న పోయాక ఆయన సామాను సర్దుతూ ఒక రేకు డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమని ముక్కుకి కొట్టింది. పాత ఫిల్మ్ కుళ్లితే అలాంటి వాసనే వస్తుందట. "పడేయక్కా, ఎవరు చూస్తారు దాన్ని?" అన్నాడు తమ్ముడు ఫోన్‌లో. నాకు చిర్రెత్తుకొచ్చింది. వాడి చిన్నతనం మొత్తం ఆ డబ్బాలోనే ఉంది మరి!

అమెరికాలో, షామ్‌బర్గ్‌లో మా చిన్నప్పుడు మేమున్న అపార్ట్‌మెంట్ల కింద ఒక కామన్ రూమ్ ఉండేది. చలికాలం ఆదివారాల్లో చుట్టుపక్కల తెలుగు కుటుంబాలన్నీ అక్కడ చేరేవి. మంచుకి తడిసిన కోట్ల మీద పోపు వాసన, బుసలు కొట్టే హీటర్, స్టీలు గిన్నెల్లో పులిహోర, ఉగాది నాడైతే మామిడికాయ దొరక్క పుల్లటి ఆపిల్ తరిగి కలిపిన పచ్చడి. ఆ రోజుల్లో అక్కడ తెలుగు సినిమా చూసే దారే లేదు. ఏదో స్కూలు వాళ్లు వదిలించుకున్న ప్రొజెక్టర్‌తో పాటు నాన్నకి దొరికింది ఈ ఒక్క మూకీ చిత్రమే. గోడకి దుప్పటి కట్టి దాన్నే మళ్లీ మళ్లీ చూసేవాళ్లం.

తండ్రిని పొట్టన పెట్టుకున్న గనిలోనే బొగ్గులోంచి రాళ్లు ఏరే కుర్రాడి కథ అది. లోపల నీళ్లు ఊరుతున్నాయని వాడు మొత్తుకున్నా యజమాని వినడు. తీరా గని మునిగాక వాడే లాంతరు పట్టుకుని దిగి పనివాళ్లని బయటికి తెస్తాడు. మధ్యమధ్య తెర మీద ఇంగ్లీషులో మాటల కార్డులు పడేవి. తమ్ముడి పురిటికి వచ్చి మాతోనే ఉండిపోయిన అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు. మొదటిసారి అమ్మ చదివి చెప్పింది. రెండో ఆదివారం అమ్మమ్మ అమ్మని ఊరుకోమని, మాటలు తనే అందుకుంది. యజమానికి ముక్కుతో పలికే గొంతు, కుర్రాడికి తన సొంతూరు తణుకు యాస. పులిహోర చేతులతోనే పిల్లలం నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం. సినిమా అయ్యాక బల్లల కింద దూరి గని ఆట ఆడేవాళ్లం.

ఇంతకీ అంత సాహసం చేసిన పిల్లాడికి చివర్లో యజమాని ఇచ్చే బహుమానం ఏమిటి? అదే గనిలో, ఇంకాస్త లోతున ఉద్యోగం! వాడేమో టోపీ తీసి, కృతజ్ఞుణ్ణి, ఇంకా కష్టపడతానంటాడు. ఆ కార్డు రాసినవాడు ఎవడో గాని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అమ్మమ్మ ఆ కార్డుని ఒక్కనాడూ ఒప్పుకోలేదు.

"మా అయ్యని మింగింది సాల్లేదా? నీ గన్లో నువ్వే దిగు. నేను బళ్లోకి పోతన్నా."

మేం చప్పట్లు కొట్టేవాళ్లం. నాన్నతో పాటు పనిచేసే అంకుల్ ఒకాయనకి మాత్రం ఇది గిట్టలేదు. "పెద్దమ్మగారూ, అక్కడ రాసింది అది కాదండీ. పిల్లలు తప్పు నేర్చుకుంటారు" అన్నాడు.

"రాసినోడు తప్పు రాత్తే నన్నూ తప్పు సెప్పమంటావేటి నాయనా?"

ఆ తర్వాత ఆయన ఆ కార్డు పడినప్పుడల్లా పైకి చదివేవాడు. అమ్మమ్మ ఆయన్ని మించి గొంతు పెంచేది. నాన్న చేసిన డిజైన్‌కి మేనేజర్ భుజం తట్టి, ప్రమోషన్ మరొకరికి ఇచ్చిన ఏడాది అది. ఆఫీసులో థాంక్యూ తప్ప మరో మాట అనని మనిషి, ప్రొజెక్టర్ పక్క చీకట్లో అమ్మమ్మ మాటకి పకపకా నవ్వేవాడు. నాన్న అలా నవ్వగా నేను ఇంకెక్కడా వినలేదు.

డబ్బాని ఒక యూనివర్సిటీలో పాత చిత్రాలు భద్రపరిచే చోటికి తీసుకెళ్లాను. రీళ్లు అట్టకట్టుకుపోయాయి, విప్పితే ముక్కలవుతాయి అన్నాడు అక్కడి అబ్బాయి. వాళ్లకి తెలిసినంతలో ఇంకో కాపీ లేదట. ఇంత చక్కని చిత్రాన్ని ఎవరూ దాచలేదా అని అతని మీదే విసుక్కున్నాను. పాపం, అతనేం చేస్తాడు? అమ్మమ్మ లేదు, నాన్న లేడు, ఆ కామన్ రూమ్ ఇప్పుడు జిమ్ అయింది.

"మీరు చూశారు కదా, కథ రాసి పెట్టుకుంటాం. చివర్లో ఆ అబ్బాయి ఏమంటాడు?" అని అడిగాడు.

కార్డు మీది ప్రతి అక్షరం నాకు గుర్తుంది.

"ఆ ఉద్యోగం వద్దంటాడు. నీ గనిలో నువ్వే దిగు, నేను బడికి పోతున్నా అంటాడు" అని చెప్పాను. అతను తల వంచి రాసుకున్నాడు. ఇక వాణ్ణి ఆ గనిలోకి ఎవరు దింపుతారో చూస్తాను.