లేవనన్న కుడిపాదం

నేను జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా పరిగెత్తిన మనిషిని. హైవే పక్కన, లారీలు చెవుల్లో హారన్లు కొడుతుంటే, ఒక్కచోట కూడా ఆగకుండా. టీకొట్టు దగ్గర ఈ మాట చెప్పినప్పుడు నలుగురూ గ్లాసులు కిందపెట్టి విన్నారు. నిజానికి నేను దారి మధ్యలో ఉన్న చిల్లకల్లు దాకా పరిగెత్తి, అక్కడ ఆటో ఎక్కాను. ఇంకా నిజం చెప్పాలంటే, చిల్లకల్లు కనిపించేదాకా.

అరవై ఏడేళ్ల వయసులో ఈ పిచ్చి ఎందుకంటే, ఫిబ్రవరిలో విజయవాడలో పది కిలోమీటర్ల పరుగు ఉందని, పెద్దవాళ్లకు వేరే మెడల్ ఇస్తారని విన్నాను. పేరిచ్చాను. ఇచ్చి ఊరుకోలేదు. మాది పప్పుల హోల్‌సేల్ దుకాణం. వచ్చిన ప్రతివాడికీ కందిపప్పుతో పాటు నా పరుగు కూడా తూచి ఇచ్చేవాణ్ని. రాత్రిపూట అన్నం మానేశాను. పొట్ట పోయింది, చొక్కాలు వదులయ్యాయి.

దసరా వెళ్లాక కుడికాలు మొదలుపెట్టింది. మోకాలి కింద బయటివైపు మంట, పాదం మీద తిమ్మిరి. నూనె రాశాను, వేన్నీళ్లు పోశాను. ఎన్నాళ్లకీ తగ్గలేదు. చివరికి నందిగామలో ఎముకల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మా చిన్నమ్మాయి వయసుంటుంది. రోజుకు ఎంత పరిగెడతారని అడిగింది. పదిహేను కిలోమీటర్లన్నాను. ఆమె రాయడం ఆపి నన్ను ఎగాదిగా చూసింది. ఆ చూపుతోనే నాకు మెడల్ వచ్చినంత పనైంది. ఈ వయసులో అంత పరిగెడితే కాలు ఓర్చుకోదని, మూడు వారాలు పరుగు మాని పూర్తి విశ్రాంతి ఇవ్వమని చెప్పి పంపింది.

ఇచ్చాను. పరుగు టైములో కూడా దుకాణంలోనే కూర్చున్నాను. తాళం తీసినప్పటి నుంచి షట్టర్ దించేదాకా కదల్లేదు. తిమ్మిరి తగ్గకపోగా వేళ్లదాకా పాకింది.

ఒక మధ్యాహ్నం భోజనానికని లేచాను. కుడికాలు ముందుకు వేస్తే పాదం దానితో రాలేదు. వేళ్లు నేలకు రాసుకుపోయాయి. చెప్పు ఊడి వెనకే ఉండిపోయిందని కూడా తెలియలేదు. గోడ పట్టుకుని కిందికి చూశాను. లెమ్మన్నాను. లేవలేదు. మళ్లీ లెమ్మన్నాను. తడిగుడ్డలా వేలాడుతోంది. ఇన్నేళ్లూ అడగకుండానే లేచిన పాదం, అడిగినా లేవడం లేదు. పెళ్లయినప్పటి నుంచి నాకు మాట పడిపోవడం చూసింది ఆ ఒక్కరోజేనని మా ఆవిడ అంటుంది.

వెంటనే కారు మాట్లాడుకుని నందిగామ వెళ్లాం. ఈసారి మా ఆవిడ కూడా వచ్చింది. డాక్టరమ్మ పక్షవాతమేమోనని చేతులెత్తించింది, నవ్వమంది. అవన్నీ బాగానే ఉన్నాయి. రోజూ పదిహేను కిలోమీటర్లు పరిగెత్తిన కాలు విశ్రాంతి ఇచ్చాక పడిపోవడమేమిటో ఆమెకు అంతుపట్టలేదు. నడుము దగ్గర నరం నొక్కుకుందేమో, విజయవాడలో స్కానింగ్ తీయించాలి, ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు అంటూ చీటీ అందుకుంది.

"పదిహేనా?" అంది మా ఆవిడ. "ఎవరమ్మా పరిగెత్తింది? ఈయన రెండు కిలోమీటర్లు వెళ్లి, టీ తాగి, పేపరంతా చదివి వస్తారు. ఆ టీకొట్టాయన పప్పులు మా దగ్గరే కొంటాడు."

డాక్టరమ్మ నావైపు తిరిగింది. మూడు అన్నాను. మా ఆవిడ వైపు చూసి, రెండే అన్నాను.

"మరి మిగతా రోజంతా ఏం చేస్తారు తాతగారూ?"

"కొట్లో కూర్చుంటానండి."

"ఎలా కూర్చుంటారో ఒకసారి కూర్చుని చూపించండి."

పరీక్ష చేసే బల్ల మీద మఠం వేసుకున్నాను. కుడి మోకాలు దానంతటదే జరిగి పక్కనున్న ఇనుప కమ్మీకి ఆనుకుంది. ఆనించానని నాకే తెలియదు. గల్లాపెట్టె ఎప్పుడూ మోకాలికి తగులుతూ ఉండాలని, అప్పుడే ఎవరు కదిపినా తెలుస్తుందని మా నాన్న నేర్పాడు. ఆయన జీవితమంతా అలాగే కూర్చున్నాడు. కొట్లో ఆయన కూర్చున్న పరుపు మీదికి వచ్చిన నాటి నుంచీ నేనూ అంతే. డాక్టరమ్మ కమ్మీ తగిలిన చోట, మోకాలి కింద బుడిపె పక్కన వేలితో తట్టింది. పాదం దాకా కరెంటు కొట్టింది.

"పాదాన్ని లేపే నరం ఇదే. చర్మం కిందే ఉంటుంది. ఇన్నాళ్లూ కొవ్వు కాపాడింది. చిక్కిపోయాక అడ్డం లేకుండా పోయింది. ఆపైన నా మాట విని రోజంతా దాన్నే పెట్టెకేసి నొక్కారు."

రోడ్డు మీద లారీలకు దొరకని కాలు, మా సొంత కొట్లో, మా నాన్న పెట్టె పక్కన, కూర్చున్నచోటే పడిపోయింది.

"మొదటిరోజే రెండని చెప్పుంటే, ఈ ప్రశ్న అప్పుడే అడిగేదాన్ని," అందామె, కోపం లేకుండానే. ఆ మాట నరం మీద తట్టినదానికంటే గట్టిగా తగిలింది.

నరం తెగలేదట, నలిగిందట. కోలుకోవచ్చు, ఎన్నాళ్లకో చెప్పలేనంది. ఫిబ్రవరి పరుగు పోయింది. పాదం వాలకుండా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని నడుస్తున్నాను. కొట్లో పరుపు తీసేసి కుర్చీ వేశారు, గల్లాపెట్టె బల్లమీదికెక్కింది. మోకాలికి ఏమీ తగలకపోతే ఎవరో పెట్టె ఎత్తుకుపోయినట్టు ఇప్పటికీ ఉలిక్కిపడతాను.

రోజూ పొద్దున్నే కాలు చాపి పాదాన్ని లెమ్మంటాను. మొన్న బొటనవేలు కదిలింది. టీకొట్టు దగ్గర అంగుళం లేచిందని చెప్పాను. డాక్టరమ్మకు ఫోన్ చేసినప్పుడు మాత్రం, గోరు మందం అన్నాను. అదీ, నువ్వు కూడా చూశావు కదా అని మా ఆవిడను రెండుసార్లు అడిగాకే.