లేని టాకీసు వెనక ఇల్లు

ఒక సినిమా హాలును ఇంతగా అసహ్యించుకుంటానని నేనెన్నడూ అనుకోలేదు. అదీ ఒక్క సినిమా కూడా చూడని హాలును. నేను అమీర్‌పేటకు కాపురానికి వచ్చేసరికే దాన్ని కూల్చేశారు. ఆ జాగాలో మొదట చీరల దుకాణం లేచింది. తర్వాత అదీ పోయి పెద్ద కాంప్లెక్సు వచ్చింది. ఇప్పుడు అందులో ఏ అంతస్తుకు వెళ్లినా ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి కంప్యూటర్ కోర్సు చెబుతుంటారు. మున్సిపల్ ఆఫీసు రికార్డులో మాత్రం టాకీసు ఇంకా నడుస్తోంది. మా ఇల్లు దాని వెనక ఉంది.

ఈ ఊళ్లో నంబరు పట్టుకుని ఇల్లు వెతికేవాడు కొత్తవాడై ఉండాలి. అంకెల మధ్య గీతలు, గీతల తర్వాత అక్షరాలు, వాటి తర్వాత మళ్లీ అంకెలు. మా ఇంటి నంబరుకూ పక్కింటి నంబరుకూ ఏ చుట్టరికమూ లేదు. అందుకే అందరం గుర్తులు చెప్పుకుంటాం. మసీదు ఎదురుగా, ఫంక్షన్ హాలు పక్కన, ట్రాన్స్‌ఫార్మర్ దాటాక. ఇల్లు కట్టిన రోజుల్లో మా మామగారూ అలాగే చెప్పి ఉంటారు. ఆస్తి పన్ను రాసుకోవడానికి వచ్చినవాడు చెప్పింది చెప్పినట్టు రాసుకుపోయాడు. ఇంటి నంబరు, పక్కన 'టాకీసు వెనక, అమీర్‌పేట'. ఇన్నేళ్లూ దాని జోలికి ఎవరూ పోలేదు.

పోవాల్సి వచ్చింది నీళ్ల వల్ల. మామగారి కాలంలో బోరు నిండా నీళ్లుండేవి, నల్లా దండగ అనుకున్నారట. తర్వాత మా సందులో ఇళ్లన్నీ ఒక్కొక్కటే హాస్టళ్లయ్యాయి. వచ్చిన ప్రతి హాస్టల్‌వాడూ మాకంటే లోతుగా బోరు దింపాడు. పోయిన ఎండాకాలం మా బోరు ఇంత బురద కక్కి ఊరుకుంది. అప్పటి నుంచి ట్యాంకరే గతి. అది ఎప్పుడొస్తుందో దాన్ని పంపేవాడికే తెలియదు. మా ఆయన పోయాక ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్తమ్మా. ఇల్లు ఆమె పేరు మీదే ఉంది.

అత్తమ్మ నీళ్లు తాగడం తగ్గించిందని నేను ఆలస్యంగా గమనించాను. గ్లాసు చేతికిస్తే సగం తాగి, మూతపెట్టి పక్కన పెట్టేది. అడిగితే దూప లేదనేది. తాగితే బాత్రూముకు పోవాలి, పోతే బకెట్టు నీళ్లు అయిపోతాయి. అదీ ఆమె భయం. ఎవరికీ చెప్పకుండా తనలో తనే దాచుకుంది. చివరికి ఒకరోజు చలిజ్వరంతో వణికిపోతుంటే ఆటోలో వేసుకుని పంజాగుట్ట ఆసుపత్రికి తీసుకెళ్లాను. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అన్నారు. మళ్లీ ఇలా జరిగితే కిడ్నీలు దెబ్బతింటాయన్నారు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఇంట్లో ఆమెను నీళ్లు తాగనివ్వరా?" అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

అత్తమ్మను ఇంటికి తెచ్చిన మర్నాడే కనెక్షన్ కోసం నల్లా ఆఫీసుకు పోయాను. కాగితాలన్నీ చూసి, ఆధార్‌లో అడ్రసూ పన్ను రికార్డులో అడ్రసూ ఒకటే ఉండాలన్నారు. అత్తమ్మ ఆధార్‌లో రోడ్డు పేరుంది. పన్ను రికార్డులో టాకీసుంది. ముందు మున్సిపల్ ఆఫీసులో అడ్రసు మార్పించుకుని రమ్మన్నారు.

ఆ ఆఫీసు మెట్లు ముక్కు మూసుకుని ఎక్కాను. మూలల్లో ఎవరూ ఉమ్మేయకూడదని దేవుళ్ల బొమ్మలున్న టైల్స్ అతికించారు. అన్ని మతాల దేవుళ్లూ ఉన్నారు. మన జనం ఎవరినీ నొప్పించకుండా, సరిగ్గా రెండు టైల్స్ మధ్య సందులో ఉమ్మేశారు. పైన ఆఫీసులో అంత శ్రద్ధగా చేసిన పని ఇంకొకటి నాకు కనబడలేదు.

సీట్లో ఉన్న క్లర్కు మర్యాదస్తుడే. కుర్చీ చూపించాడు, కాగితాలు తీసుకున్నాడు, బిల్ కలెక్టర్ వచ్చి ఇల్లు చూసుకుని పోతాడన్నాడు. లంచం అడగలేదు. అడిగినా బాగుండేది, నా పని మీద ఒకరికైనా ఆసక్తి ఉందనుకునేదాన్ని.

కొన్నాళ్లకు ఫోనుకు మెసేజ్ వచ్చింది. దరఖాస్తు తిరస్కరించారు. కారణం, ఇల్లు దొరకలేదు. మళ్లీ ఆ మెట్లెక్కాను.

"గా టాకీస్ కనవడలేదని రాసిండు మేడం, బిల్ కలెక్టర్," అన్నాడు క్లర్కు.

"టాకీసు లేదనే కదా మార్చమన్నాను."

"గది నాకు ఎర్కనే. కని ఫస్టు పాత అడ్రసు దొర్కాలె గద. పాతది దొర్కితెనే కొత్తది రాస్తం."

"కూల్చేసిన హాలు ఎలా దొరుకుతుంది?"

"దొర్కది," అని ఒప్పుకున్నాడు. ఎంత మర్యాదగా ఒప్పుకున్నాడంటే, ఆ టేబుల్ మీదున్న టీ గ్లాసు తీసి గోడకు కొట్టాలనిపించింది. "మల్ల అప్లై చేయుండ్రి మేడం. ఈసారి జర కండ్లకు కనవడేది ఏదన్న ఉంటె మంచిది."

మళ్లీ పెట్టాను. రోడ్డు పేరు పెద్ద అక్షరాలతో రాశాను. ఈసారి బిల్ కలెక్టర్ నిజంగానే వచ్చాడు, కానీ నేను లేని రోజు చూసి వచ్చాడు. ఆ రోజు అత్తమ్మను చూపించడానికి మళ్లీ ఆసుపత్రికి పోయి, తిరిగి వస్తూ పంజాగుట్ట చౌరస్తాలో ఇరుక్కుపోయాను. వెనక నుంచి హారన్లు మోగుతూనే ఉన్నాయి, ఆటో మాత్రం కదల్లేదు. అత్తమ్మ పెదవులు ఎండిపోయాయి. సీసా ఇస్తే, ఇంటికి పోయినాక తాగుతానంది.

మేం సందు మొదట్లో దిగగానే కిరాణం భాయ్ నవ్వుకుంటూ బయటికి వచ్చాడు. మా బోరు ఎండినప్పటి నుంచి ట్యాంకర్ డ్రైవరుకు దారి చూపించేది ఆయనే.

"అమ్మా, మున్సిపాల్టీ ఆద్మీ వచ్చి పోయిండు. నంబర్ పట్టుకొని తిర్గుతుండు పాపం. నేనే చెప్పిన, ట్యాంకర్ వచ్చి ఆగుతది గదా, గదే ఇల్లు అని. సమజైంది ఆయనకు. ఇగ ఫికర్ చేయకుండ్రి."

ఆయనకు చేతులెత్తి దండం పెట్టాను. ఆ సాయంత్రం నిజంగానే ఫికర్ చేయలేదు.

కొత్త కాగితం చేతికి వచ్చాక చదువుకున్నాను. ఇంటి నంబరు సరిగ్గా ఉంది. అత్తమ్మ పేరు సరిగ్గా ఉంది. దాని కింద అచ్చు వేసి ఉంది: 'ట్యాంకర్ ఆగే ఇల్లు, అమీర్‌పేట'.

దాన్ని పట్టుకుని అప్పటికప్పుడే ఆఫీసుకు పోయాను. రోడ్డు పేరు ఏమైందని అడిగాను.

"ఆడ రోడ్డు పేరు బోర్డు లేదంట మేడం. కండ్లతోని చూసింది, అడిగి తెల్సుకున్నది రాసిండు."

"ఆ బోర్డు పెట్టాల్సింది ఎవరు?"

"మేమే," అన్నాడు. ఏ సిగ్గూ లేదు, ఏ పొగరూ లేదు. "వద్దనుకుంటె మల్ల అప్లై చేయుండ్రి."

కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఇంకోసారి పెడితే ఇంకో ఎండాకాలం వచ్చేస్తుంది. ఇంటి దగ్గర అత్తమ్మ సగం తాగిన గ్లాసు ఉంది. అందుకే వాళ్ల తప్పును దిద్దించడం మానేసి, దానికి సరిపోయేట్టు అత్తమ్మనే మార్చాను. ఆధార్ సెంటరుకు తీసుకెళ్లి, ఆ కాగితమే చూపించి, ఆమె ఆధార్‌లోనూ ట్యాంకర్ ఆగే ఇల్లు అని రాయించాను. అక్కడున్న అమ్మాయి చదివి నా మొహం చూసింది. నేను గోడ వైపు చూశాను. రెండు చోట్లా ఒకటే అడ్రసు ఉండేసరికి నల్లా ఆఫీసుకు ఏ అభ్యంతరమూ లేకపోయింది. మనుషులు రోడ్డు తవ్వారు, పైపు వేశారు, నీళ్లు వచ్చాయి.

మొదటి రోజు అత్తమ్మ నల్లా కింద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. మెల్లగా ఆమెకు నమ్మకం కుదిరింది. గ్లాసు నిండా తాగడం మొదలుపెట్టింది. నేను ఎదురుగా కూర్చుని చివరి గుక్క దాకా చూసేదాన్ని. పోలీసుదానిలా కూర్చున్నవేందే అని నవ్వేది.

మొన్న మొదటి నీళ్ల బిల్లు వచ్చింది. అత్తమ్మ గ్లాసు పట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. బిల్లు పైన అడ్రసు చూడగానే నాకు ఒళ్లు మండింది. నల్లా ఇచ్చినవాళ్లే నల్లా బిల్లు మీద ఏం రాశారో వినమని, 'ట్యాంకర్ ఆగే ఇల్లు' అని గట్టిగా చదివాను. ఆమె తాగుతున్నది ఆపింది.

"ట్యాంకర్ ఎప్పుడొస్తదంట బిడ్డా?"

"ఇంక ట్యాంకర్ రాదు అత్తమ్మా. మనకు నల్లా ఉంది కదా, తాగు."

"గట్లంటే గిప్పటికీ ఎందుకు రాస్తరే? సర్కారోళ్లకు తెల్వదా," అని సగం గ్లాసుకు మూతపెట్టి పక్కన పెట్టేసింది.