సెంగా పిరీకి అర్థం కాలేదు

సెంగా పిరీకి ఏదీ ఒక్కసారి చెబితే అర్థం కాదు. రెండోసారి చెప్పినా కాదు. మూడోసారికి, చెప్పేవాడికి తను చెప్పేది అర్థం కావడం మొదలవుతుంది. ఆమె మాత్రం అప్పటికీ తల అడ్డంగానే ఊపుతుంది.

ఒక ఆదివారం మా కిల్‌బ్రానక్ చర్చి పాస్టరు దైవకృప మీద నలభై నిమిషాలు ప్రసంగించాడు. బయటికి వస్తూ సెంగా ఆయన చేయి పట్టుకుంది.

"అర్థం కాలేదండీ."

ఆయన మళ్ళీ చెప్పాడు.

"ఇంకొక్కసారి."

మూడోసారి ఆయన దాన్ని రెండు వాక్యాలకు కుదించాడు. రెండో వాక్యం దగ్గర ఆగి, తనే కాసేపు ఆలోచనలో పడ్డాడు. తర్వాతి ఆదివారం నుంచి ప్రసంగం పన్నెండు నిమిషాలు. ఊరంతా సెంగాను దీవించింది.

ఇలాంటి మనిషిని, నేను పనిచేసే మా ఊరి కౌన్సిల్ నిపుణురాలిగా తెచ్చుకుంది. స్కాట్లండ్‌లో అప్పుడు కొత్త చట్టం రాబోతోంది. కౌన్సిల్ ఏ పెద్ద నిర్ణయం తీసుకున్నా, దానివల్ల పేదవాళ్ళకీ ఉన్నవాళ్ళకీ మధ్య దూరం ఎలా తగ్గుతుందో ముందే ఆలోచించాలి, ఆలోచించినట్టు కాగితం మీద చూపించాలి. మమ్మల్ని అందుకు సిద్ధం చేయడం సెంగా పని. ఆమె వెంట ఉండి రాసుకోవడం నా పని.

మొదటి రోజే ఆమె, అందుకోసం మేం తయారుచేసిన ఫారం అందుకుంది. పద్నాలుగు పేజీలు.

"ఈ 'సామాజిక ఆర్థిక ప్రతికూలత' అంటే ఏమిటమ్మాయ్?"

"పేదరికం."

"మరి అలాగే రాయలేదేం?"

"అలా రాస్తే అందరికీ తెలిసిపోతుందండీ" అన్నాడు రోడ్ల శాఖాయన. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

నెల తిరిగేసరికి ఫారం నాలుగు పేజీలైంది. మనుషులు ఆమెను చూసి దారి మార్చుకోసాగారు. ఆమె టీ గదిలోకి వస్తే రోడ్ల శాఖవాళ్ళు గుంతల మాట ఆపి వాన గురించి మాట్లాడేవాళ్ళు. వాన కూడా ఆమెకు అర్థం కాలేదు.

అందరికంటే ఎక్కువ ఉడికిపోయింది ఇళ్ళ శాఖ అధిపతి హాల్డేన్.

"ఆవిడకి చదువుందంటావా?" అని నన్ను అడిగాడు.

"రెండు డిగ్రీలున్నాయి సార్."

"ఆవిడకి అర్థమయ్యాకే ఇచ్చారా అవి?"

అప్పుడే గౌలన్ హిల్ సంగతి వచ్చింది. అక్కడ కౌన్సిల్ కట్టిన ఎత్తైన భవనాలు మూడు. వంటగదిలో మనిషి తిరగడమే కష్టం, ఇక బట్టల మెషీనుకు చోటెక్కడ? అందుకని కింది అంతస్తులో అందరికీ కలిపి ఒక ఉతుకుడు గది ఉంది. దాన్ని మూసి, ఊరి అవతల కొత్త కేంద్రంలో కలిపేయాలని హాల్డేన్ పథకం. ఫారంలో 'పేదవాళ్ళ మీద ప్రభావం' అన్న గడిలో ఒకే మాట రాశాడు: స్వల్పం. అక్కడివాళ్ళతో ఒక సమావేశం పెట్టి, ఎవరూ కాదనకపోతే సంతకం చేస్తాడు. సోమవారం గదికి తాళం పడుతుంది.

సమావేశానికి ముప్పైమంది వచ్చారు. టీ ఉంది, షార్ట్‌బ్రెడ్ బిస్కట్లు ఉన్నాయి. హాల్డేన్ అందరికీ కాగితాలు పంచి, తెర మీద బొమ్మలు వేసి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. సేవల సమీకృత కేంద్రీకరణ. డిజిటల్ ముందస్తు నమోదు. వినియోగదారుడి ప్రయాణానుభవం.

"ప్రశ్నలేమైనా ఉన్నాయా?"

ఎవరూ కదల్లేదు. హాల్డేన్ సంతోషంగా పెన్ను తీశాడు.

వెనక వరసలో చేయి లేచింది.

"అర్థం కాలేదు బాబూ."

హాల్డేన్ కళ్ళు మూసుకుని తెరిచాడు. "మెషీన్లు కొత్త కేంద్రానికి వెళ్తాయి సెంగా గారూ."

"అవి వెళ్తాయి సరే. బట్టలో?"

"బట్టలు కూడా వెళ్తాయి."

"వాటంతట అవే?"

హాలులో ఎవరో కిసుక్కుమన్నారు.

"వాళ్ళే తీసుకెళ్తారు. బస్సులో."

"ఎన్ని బస్సులు?"

"రెండు."

"నలుగురు పిల్లల దుప్పట్లతో?"

"అవును."

"తిరిగొచ్చేటప్పుడు?"

"మళ్ళీ రెండు బస్సులు. ఉతికిన బట్టలతో. అక్కడ ఆరబెట్టే మెషీన్లు ఇంకా రాలేదు గనక అవి..." హాల్డేన్ ఆగాడు. "అవి తడిగా ఉంటాయి."

"జనవరి చలిలోనా?"

అతను తన తెరవైపు తిరిగి, ఎవరో పరాయివాడు రాసినదాన్ని చదివినట్టు మొదటి నుంచి చదివాడు.

"అర్థం కాలేదు" అన్నాడు చివరికి. ఈసారి అన్నది హాల్డేన్.

టీ పోస్తున్నావిడ కేటిల్ దించింది. "ముందే ఇలా చెప్పి ఉంటే ముందే అరిచేవాళ్ళం కదయ్యా!"

ఆ తర్వాత పావుగంట సేపు అరిచారు. హాల్డేన్ అంతా విని, 'స్వల్పం' కొట్టేసి 'భారీ' అని రాశాడు. దాని కింద 'గది ఇక్కడే ఉంటుంది' అని రాసి, ఆ వాక్యాన్ని పైకి చదివి వినిపించి, అప్పుడు సంతకం పెట్టాడు.

టీ బల్ల దగ్గర నేను సెంగాను పట్టుకున్నాను. "మీకు మొదటి బొమ్మకే అర్థమైంది. అవునా?"

"మూడో వరసలో టోపీ పెట్టుకున్నాయన్ని చూశావా?" అంది మెల్లగా. "అందరూ పేజీ తిప్పారు. ఆయన తిప్పలేదు. పక్కవాళ్ళని చూసి, ఆలస్యంగా రెండు పేజీలు కలిపి తిప్పాడు. ప్రతి గదిలోనూ అలాంటివాళ్ళు ఒకరుంటారమ్మాయ్. అడగడానికి సిగ్గు. నాకెలాగూ సిగ్గు లేదు."

ఆ టోపీ ఆయన మావైపే వస్తున్నాడు. పేరు డూగీ లెకీ, ఎనభై దాటాయి, ఓడల రేవులో పనిచేసి రిటైరైనవాడు. సెంగా భుజం తట్టాడు.

"ఇదిగో చెల్లెమ్మా, ఏమీ అనుకోకు. అర్థం కాకపోతే తప్పేం లేదు. మా ఇంట్లోనూ ఉన్నారు అలాంటివాళ్ళు. రా, కూర్చో. నేను చెబుతాను."

సెంగా బుద్ధిగా కూర్చుంది. ఆయన మూడు బిస్కట్లు నిలబెట్టాడు. అవి భవనాలు. చెంచా బస్సు. చక్కెర గిన్నె కొత్త కేంద్రం. గది ఎందుకు పోబోయిందో, ఎందుకు పోలేదో, చెంచాను రెండుసార్లు మార్చి, ఒక్క పెద్దమాట లేకుండా చెప్పాడు. హాల్డేన్ కూడా వెనక నిలబడి విన్నాడు.

"ఇప్పుడు అర్థమైందా?"

సెంగా చెంచావైపు చూసింది. ఆయన ముఖంలోకి చూసింది.

"కొంచెం కొంచెం. ఆ రెండో బస్సు దగ్గర్నుంచి ఇంకొక్కసారి చెప్పన్నా."

డూగీ లెకీ టోపీ తీసి బల్ల మీద పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.